వట్టి కాళ్లతో వాటర్ స్కీయింగ్: ముందు ఏది కొనాలి, ఏది కొనకూడదు

జమ్మలమడుగు నుంచి ప్రశ్న పంపిన మిత్రుడు తన సంగతి వివరంగానే రాశారు. వయసు 27, బరువు 78 కిలోలు, ఈత బాగా వచ్చు, రెండు స్కీల మీద నిలబడిన అనుభవం కొంత ఉంది. ఉద్యోగరీత్యా ఆరు నెలలు ఆర్లాండోలో ఉండబోతున్నారు కనుక, స్కీలు లేకుండా వట్టి పాదాల మీద నీటిపై జారడం అక్కడ నేర్చుకోవాలని, కావలసిన సామగ్రి అంతా ఇప్పుడే తెప్పించుకోవాలని, తిరిగి వచ్చాక గండికోట జలాశయంలోనో మైలవరంలోనో సాధన కొనసాగించాలని ఆయన ఆలోచన. బోటు దొరకనప్పుడు కె.సి. కాలువ గట్టు మీద జీపు నడిపించి తాడుతో లాగించుకోవచ్చా అని కూడా అడిగారు. నేను కర్నూలువాణ్ణి. ఫ్లోరిడాలో ఉన్న కాలంలో ఈ ఆట నేర్చుకొని, తరువాత కొత్తవారిని లాగే బోటు కూడా నడిపాను కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: మీరు సొంతంగా కొనవలసింది మంచి సూటు, దానితోపాటు ఒంటి మీద వేసుకునే చిన్న రక్షణ సామగ్రి మాత్రమే. మిగతావన్నీ నేర్పేచోట ఉంటాయి. అవి లేనిచోట నేర్చుకోకూడదు.

సామగ్రి సంగతికి వచ్చే ముందు వేగం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలో ప్రతి వస్తువూ ఆ వేగం కోసమే తయారైంది. నీటి మీద జారే మనిషిని నీరు మోయాలంటే కాళ్ల కింద విశాలమైన తలమైనా ఉండాలి, వేగమైనా ఉండాలి. స్కీల తలం పెద్దది కనుక కొత్తవారు గంటకు 30, 35 కిలోమీటర్ల దగ్గరే నిలబడగలుగుతారు. రెండు పాదాల వైశాల్యం అందులో చిన్న భాగమే కాబట్టి, తగ్గిన తలాన్ని వేగంతో పూడ్చుకోవాలి. ఈ ఆట ఆడేవారందరూ వాడే లెక్క ఒకటి ఉంది: బరువును పౌండ్లలో తీసుకొని 10తో భాగించి, వచ్చినదానికి 20 కలిపితే గంటకు ఎన్ని మైళ్ల వేగం కావాలో తెలుస్తుంది. మీ 78 కిలోలు సుమారు 172 పౌండ్లు. అంటే 37 మైళ్ల పైచిలుకు, మన లెక్కలో గంటకు దాదాపు 60 కిలోమీటర్లు. 60 కిలోల మనిషికైతే 53, 54 కిలోమీటర్లు చాలు.

ఈ అంకె చూసి భయపడి, నేర్చుకునేవారిలో చాలామంది బోటును కాస్త నెమ్మదిగా నడపమని అడుగుతారు. అది వారికే నష్టం. వేగం తక్కువైతే పాదాలు చీలమండల దాకా దిగిపోతాయి, పిక్కలకు నీరు బలంగా తగులుతుంది, తుంపర ముఖం మీదికి లేచి కళ్లు కనబడవు, తొడలు నిమిషంలో అలసిపోతాయి. సరైన వేగం దొరికితే పాదం కింద నీరు గట్టిపడినట్టు తోస్తుంది, శ్రమ తగ్గుతుంది. అరికాళ్లు మండుతాయని కొందరు చెప్పేది నిజమే గాని, అది ఎక్కువగా అలలు బొత్తిగా లేని నీటి మీద చాలాసేపు జారినప్పుడు వచ్చే మంట. నేర్చుకునే రోజుల్లో మీరు అంతసేపు నిలబడరు.

మీరు వెళుతున్న చోటు ఈ ఆటకు పుట్టినిల్లే. వాటర్ స్కీయింగ్‌ను 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రాల్ఫ్ శామ్యూల్సన్ మొదలుపెట్టగా, స్కీలు విడిచి వట్టి పాదాల మీద జారడం 1947లో ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్‌లో ఎ.జి. హ్యాంకాక్, డిక్ పోప్ జూనియర్‌లతో ఆరంభమైంది. 1978లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. వింటర్ హేవెన్ ఆర్లాండో నుంచి కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలోనే ఉంది. ఆ చుట్టుపక్కల సరస్సుల్లో నేర్పేవారిని వెతకడం కష్టం కాదు. సరస్సుల్లో మొసలి జాతికి చెందిన ఆలిగేటర్లు ఉంటాయి. ఏ సరస్సులో ఏ వేళ దిగవచ్చో స్థానికులు చెప్పినట్టు నడుచుకోండి.

ఇక సూటు. మీరు లింకు పంపినది సముద్రంలో సర్ఫింగ్ చేసేవారు వేసుకునే పలుచని వెట్‌సూట్. అది ఒంటిని వెచ్చగా ఉంచడానికి పనికివస్తుంది, దెబ్బను ఆపదు. వట్టి కాళ్ల ఆట కోసమే చేసిన బేర్‌ఫుట్ సూట్ వేరు. దానికి సాధారణంగా చేతులు ఉండవు. ఛాతీ, పక్కటెముకలు, వీపు, పిరుదుల దగ్గర మందమైన నురుగు పొరలు కుట్టి ఉంటాయి. ఆ పొరలే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పడినప్పుడు దెబ్బను కాస్తాయి, పడిన తరువాత మనిషిని తేల్చి ఉంచుతాయి. ఈ ఆటలో పక్కటెముకలకు దెబ్బ తగలడం మామూలు విషయం. పైగా మొదట్లో మీరు నీటి మీద పిరుదులతో కూర్చొనే జారాలి కనుక ఆ భాగంలో గుడ్డ దృఢంగా, నున్నగా ఉండాలి. ఈగిల్, బేర్‌ఫుట్ ఇంటర్నేషనల్ వంటి పేర్లు ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్నవే. పేరు కన్నా కొలత ముఖ్యం. పొడి ఒంటి మీద వేసుకునేటప్పుడు ఇబ్బంది పడేంత బిగువుగా ఉండాలి, కాని జిప్పు పెట్టాక నిండుగా ఊపిరి తీసుకోగలగాలి. తడిస్తే గుడ్డ కొంత సాగుతుంది. దుకాణంలో హాయిగా ఉన్న సూటు నీటిలో వదులై, పడినప్పుడల్లా మెడ దగ్గరి నుంచి నీరు పట్టి సంచి అవుతుంది.

సూటు లోపల వేసుకునే ప్యాడ్ ఉన్న లాగు కూడా తప్పనిసరిగా కొనండి. దీని గురించి మొహమాటపడి ఎవరూ వివరంగా చెప్పరు కనుక నేను చెబుతున్నాను. ఈ వేగంతో కాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్న భంగిమలో నీటిలో పడితే, నీరు మలద్వారం గుండా ఒత్తిడితో లోపలికి దూసుకుపోయి పేగుకు గాయం చేయగలదు. స్త్రీలకు జననాంగం విషయంలోనూ ఇదే ప్రమాదం ఉంది. వైద్యులు నమోదు చేసిన గాయాలే ఇవి. వదులైన ఈత నిక్కరు వీటిని ఏమాత్రం ఆపలేదు. పడిన తరువాత కడుపులో నొప్పి గాని రక్తం గాని కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

చెవులకూ ముక్కుకూ ఖర్చు తక్కువే గాని అశ్రద్ధ ఎక్కువ. పక్కకు పడినప్పుడు నీరు చెవిని చెంపదెబ్బలా కొట్టి కర్ణభేరికి చిల్లు పెట్టవచ్చు. చెవి ప్లగ్గులు, వాటి మీద నియోప్రీన్ అనే సాగే రబ్బరు పట్టీ ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఇదివరకే చెవిలో చిల్లు ఉన్నవారు, చెవికి శస్త్రచికిత్స అయినవారు వైద్యుణ్ణి అడగకుండా దిగరాదు. భుజం ఒకసారైనా జారినవారికి, నడుము డిస్కు బాధ ఉన్నవారికి ఈ ఆట నేను సూచించను. ముక్కుకు క్లిప్పు ఎందుకంటే, వెచ్చని మంచినీటిలో బతికే నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణం నిలవడం చాలా అరుదు. ఫ్లోరిడాలో ఇటువంటి మరణాలు నమోదయ్యాయి, 2024లో కేరళలో పిల్లలు చనిపోయారు. ఇది అరుదైన జబ్బే. అయినా నీరు ముక్కులోకి బలంగా ఎక్కే ఆట కనుక, ఎండలు ముదిరి నీరు తగ్గిన రోజుల్లో క్లిప్పు లేకుండా దిగకపోవడం మంచిది.

సూటు తేలుస్తుంది గదా, లైఫ్ జాకెట్ ఎందుకని అడిగారు. బేర్‌ఫుట్ సూట్ మీద మామూలు లైఫ్ జాకెట్ వేసుకుంటే పడినప్పుడు అది ముఖం మీదికి ఎగదన్నుకొని వస్తుంది, కనుక నేర్పేచోట సాధారణంగా సూటుతోనే దించుతారు. అయితే ప్రభుత్వం ఆమోదించిన లైఫ్ జాకెట్‌కు సూటు సాటి కాదు. స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా తిప్పుతుందన్న భరోసా దానికి లేదు. అందువల్ల బోటులో ఆమోదం పొందిన జాకెట్లు మనిషికొకటి చొప్పున ఉండాలి. స్కీ చేసేవారు ఏది వేసుకోవాలన్నదానిపై అక్కడి నిబంధన ఏమిటో నేర్పేవారినే అడిగి తెలుసుకోండి.

మీ జాబితాలో 23 మీటర్ల తాడు, హ్యాండిల్ మొదటి వరుసలో ఉన్నాయి. వాటిని కొట్టివేయండి. కొత్తవారు బోటు వెనుక పొడుగు తాడుతో వట్టి కాళ్ల మీద లేవబోవడం గాయాలు కొనితెచ్చుకోవడమే. నేర్చుకోవడం బూమ్ మీద మొదలవుతుంది. బూమ్ అంటే బోటు మధ్యలో నిలువుగా బిగించిన పైలన్ అనే స్తంభం నుంచి పక్కకు, నీటి మీదికి చాచిన పొడవాటి లోహపు గొట్టం. ముందువైపుకు ఉక్కుతీగతో లాగి కట్టి ఉంటుంది. నేర్చుకునేవారు ఆ గొట్టాన్నే రెండు చేతులతో పట్టుకుంటారు. బోటు వెనుక లేచే అలల జోలి అక్కడ ఉండదు, బరువులో కొంత చేతులు మోస్తాయి, తాడు సాగడం లేదు, నేర్పేవారు బోటులోంచి వంగి చెప్పే మాట చెవిన పడేంత దగ్గరలో ఉంటారు. అది కుదిరాక బూమ్ కొసకు ఐదడుగుల పొట్టి తాడు కట్టి హ్యాండిల్‌తో లేపుతారు. బోటు వెనుక పొడుగు తాడు ఆ తరువాతి మెట్టు.

బూమ్ కొని పట్టుకొచ్చి మన దగ్గరి బోటుకు తగిలిద్దామన్న మీ ఆలోచన కుదరదు. పైలన్ లేని బోటుకు బూమ్ ఎక్కదు. పర్యాటకులను తిప్పే స్పీడ్ బోట్లలో తాడు కట్టేందుకు వెనుక చివర కొక్కెం మాత్రమే ఉంటుంది, బోటు అంచు గోడలు ఆ బరువు మోయడానికి తయారైనవి కావు. పక్కన మనిషి వేలాడినప్పుడు బోటు ఆ వైపుకు ఒరుగుతుంది కనుక ఎదుటి వైపు బరువు సర్దాలి, లాగుతూనే 60 కిలోమీటర్ల వేగం నిలకడగా నిలపగల ఇంజన్ ఉండాలి. వేగం కాస్త అటూ ఇటూ ఊగితే స్కీల మీద ఉన్నవారు సర్దుకుంటారు. పాదాల మీద ఉన్నవారు పడిపోతారు.

తాడు ఎప్పటికైనా కొంటారు కనుక ఒక ముక్క చెబుతాను. మామూలు స్కీ తాడు సాగుతుంది, ఆ సాగుడే స్కీల మీద సుఖంగా ఉంటుంది. పాదాల మీద జారేవారికి సాగని తాడు, అంటే స్పెక్ట్రా వంటి గట్టి నూలుతో అల్లినది కావాలి. సాగిన తాడు చేయి జారితే హ్యాండిల్ బోటులో ఉన్నవారి ముఖం మీదికి ఎగిరి వస్తుంది కూడా. హ్యాండిల్ దగ్గర రెండుగా చీలే తాళ్ల మీద గట్టి ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉండాలి, లేకపోతే పడేటప్పుడు చేయో కాలో ఆ త్రికోణంలో ఇరుక్కుంటుంది. పాదం కన్నా కాస్త పొడవుగా, వెడల్పుగా ఉండే షూ స్కీలు మొదటి రోజుల్లో బాగా ఉపయోగపడతాయి, ఎందుకంటే వాటితో తక్కువ వేగంలోనే ఆ భంగిమ అలవాటవుతుంది. కాని వాటి అవసరం కొద్ది రోజులే కనుక నేర్పేవారివి వాడుకోండి.

బూమ్ మీద లేచే పద్ధతిని ముందే మనసులో పెట్టుకుంటే మంచిది. బోటు నెమ్మదిగా కదిలినప్పుడు గొట్టం పట్టుకొని వెల్లకిలా, కాళ్లు ముందుకు చాచి ఉంటారు. వేగం పెరిగేకొద్దీ ఒళ్లు నీటి పైకి తేలి, పిరుదుల మీద జారడం మొదలవుతుంది. ఆ స్థితిలో కుదురుకున్నాకే మోకాళ్లు మడిచి, పాదాలను భుజాలంత ఎడంగా నీటి మీద మెల్లగా తాకించాలి. మొదట మడమలు, తరువాత అరికాలు. వేళ్లు మాత్రం ఎప్పుడూ పైకి మడిచే ఉండాలి. పాదాల మీదికి బరువు ఎక్కుతున్నకొద్దీ బోటు నడిపేవారు వేగం పెంచుతారు, మీరు పిరుదులను కాస్త లేపుతారు. పూర్తిగా నిటారుగా నిలబడాలన్న తొందర వద్దు. వీపు ఆనని పీట మీద కూర్చున్నట్టు మోకాళ్లు బాగా వంచి, ఛాతీ ఎత్తి, చూపును దూరంగా గట్టు మీద నిలపాలి. పాదాల వైపు చూసిన క్షణాన తల వంగుతుంది, బరువు వేళ్ల మీదికి పోతుంది, వేలు నీటిలో గుచ్చుకుంటుంది. ముందుకు ముఖం మీద పడడానికి చాలాసార్లు కారణం అదే.

వేలు గుచ్చుకుందని తెలియగానే పట్టు వదిలేసి, గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు దగ్గరికి తీసుకొని భుజం మీదుగా దొర్లాలి. చేయి చాచి నీటిని ఆపబోతే భుజం పోతుంది. వెనక్కి పడడం అంత ప్రమాదం కాదు, పిరుదుల మీద కూర్చుండిపోతారు. ఆట ముగించేటప్పుడు కూడా ఒక్కసారిగా వదలకుండా, మెల్లగా కూర్చొని పిరుదుల మీద జారుతూ వేగం తగ్గించుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. ఈ దిగే పద్ధతి నేర్పకుండా లేచే పద్ధతి నేర్పేవారి దగ్గర నేను నేర్చుకోను.

బోటులో నడిపేవారు కాక మీవైపే చూస్తుండే మరొకరు ఉండాలి. పడిన మనిషి ఒంటి స్థితిని చూసేదీ, వెనుక నుంచి మరో బోటు వస్తే హెచ్చరించేదీ వారే. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని, మెడ దగ్గర అడ్డంగా చేయి ఆడిస్తే ఇంజన్ ఆపమని అర్థం. పడి తేలిన వెంటనే చేయి ఎత్తి బాగున్నానని చూపడం మీ బాధ్యత. ఆ సైగ రాకపోతే బోటు పరుగున వస్తుంది. మీరు బూమ్ మీద ఉన్నంతసేపు బోటును మీ వైపుకు తిప్పకూడదన్నది నడిపేవారు మరువకూడని నియమం.

ఇక ఇంటికి తిరిగి వచ్చాక సంగతి. గండికోట జలాశయంలో దాదాపు 27 టీఎంసీల నీరు నిలుస్తుంది, చూడడానికి సముద్రంలా ఉంటుంది, నిజమే. కాని 2020లో తాళ్లప్రొద్దుటూరు జనాన్ని ఖాళీ చేయించి నీరు నింపిన చోటు అది. నీటి అడుగున గోడలు, చెట్లు ఇంకా ఉండవచ్చు. మన జలాశయాలన్నింటికీ ఉన్న మరో చిక్కు మట్టం మారడం. శ్రీశైలంలో నిండు మట్టం 885 అడుగులైతే, 854 అడుగులకూ అంతకన్నా కిందికీ పడిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. సంగమేశ్వరం గుడి ఏటా మునిగి మళ్లీ బయటపడేది అందుకే. నీరు తీసిన నేల మీద వేసవిలో సర్కారు కంప మొలిచి మనిషెత్తు పెరుగుతుంది, వరద రాగానే మునిగిపోతుంది, పైకి ఏమీ కనబడదు. దానికి తోడు జాలర్ల వలలు, పుట్టిలు. కృష్ణలో మొసళ్లూ ఉన్నాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పడబోయే చోట కనీసం రెండు నిలువుల లోతు ఉందని, అడుగున ఏమీ లేదని స్వయంగా కొలిచి చూడకుండా నేను ఎవరినీ దించను.

అనుమతి లేకుండా సొంతంగా బోటు దింపడం ఎలాగూ కుదరదు. జలాశయాలు జలవనరుల శాఖవి, 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన తరువాత బోట్ల మీద తనిఖీ గట్టిపడింది. అవుకు జలాశయం వంటి చోట పర్యాటక బోట్లు నడిపేవారితో ముందు పరిచయం పెంచుకొని, రెండు స్కీల మీద సాధన సాగించే ఏర్పాటు చేసుకోగలిగితే అదే చాలు. బోటు నడపడం శాస్త్రీయంగా నేర్చుకోవాలన్న ఆసక్తి మీ స్నేహితుల్లో ఎవరికైనా ఉంటే, గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థలో శిక్షణ ఇస్తారు. ఆషాఢ శ్రావణాల గాలిలో మాత్రం ప్రయత్నం వద్దు. ఆ రోజుల్లో మన చెరువులు కూడా అలలు వేస్తాయి. కార్తీకం నుంచి మాఘం దాకా, పొద్దు పొడిచిన తరువాతి గంటన్నర మాత్రమే ఇక్కడ నీరు నున్నగా ఉంటుంది.

కాలువ విషయంలో నా జవాబు ఒక్కటే: వద్దు. కాలువ వెడల్పు మీరు పడి దొర్లడానికి చాలదు, గట్టు రాళ్లో సిమెంటు లైనింగో పక్కనే ఉంటుంది, తూములూ మెట్లూ వంతెనలూ అడ్డం వస్తాయి. తాడు జీపు వైపుకు ఏటవాలుగా లాగుతుంది కనుక మీ పాదాలు ఎంత సరిగా ఉన్నా ఒళ్లు గట్టు వైపుకే పోతుంది.

సూటును ఇక్కడి ఎండలో ఆరబెడితే నియోప్రీన్ రెండు వేసవులు కూడా నిలవదు. మంచినీటితో కడిగి, తిరగేసి, నీడలో లావుపాటి కొయ్య మీద వేలాడదీయండి. సన్నని తీగ మీద వేస్తే భుజాల దగ్గర నురుగు విరుగుతుంది. నీటిలో దిగబోయే నిమిషం దాకా వేసుకోకండి, కడప ఎండలో అది మనిషిని ఉడకబెడుతుంది. ఛాతీ, నడుము, తొడ చుట్టుకొలతలు, ఎత్తు పంపితే ఏ సైజు సరిపోతుందో చెబుతాను. ఒక్కో కంపెనీ సైజుల పట్టిక ఒక్కో తీరుగా ఉంటుంది కనుక, ప్యాడ్ లాగు వేసుకొన్న తరువాతే నడుము, తొడ కొలవండి.